ర్యాలీకి సెలవిచ్చిన షెడ్డు

మొన్నామధ్య మా స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరిన ముగ్గురమ్మాయిలు మా ఇంటికొచ్చారు. కాఫీలు తాగారు, జంతికలు తిన్నారు. తర్వాత అందులో ఒకమ్మాయి ఫోను తీసి, రికార్డింగు నొక్కి, నా ముందు బల్ల మీద పెట్టి, "మేడం, మీ సక్సెస్ స్టోరీలు చెప్పండి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. సక్సెస్ స్టోరీలు రాయడం నా ఉద్యోగంలో సగం. ప్రతి మూడు నెలలకీ నాలుగు రాయాలి, ఫోటోలతో సహా. పిల్ల బడికెళ్తే ఒక స్టోరీ, మానేసి మళ్ళీ వెళ్తే ఇంకో స్టోరీ. ఒకే కుర్రాడి మీద నేను ఐదు స్టోరీలు రాశాను, వాడు బడి మానేసిందే అన్నిసార్లు మరి.

"ఆ ఫోను లోపల పెట్టమ్మా, రాసిస్తాను" అన్నాను. ఇదిగో, రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, ట్రైనింగుల సంగతి ఇందులో ఉండవు. ఒక ఊరు, ఒక పిల్ల, నేను చేసిన ఒక పెద్ద వెధవ పని, అంతే. ఊరి పేరు రాయను. భీమవరానికి దగ్గర్లోనే, కాలవ గట్టు పక్కన. అటు చూస్తే రొయ్యల చెరువులు, ఇటు చూస్తే రొయ్యల చెరువులు, మధ్యలో రొయ్యలు ఒలిచే షెడ్డు. మనుషుల పేర్లు కూడా మార్చాను. నా పేరు మాత్రం మార్చను, సువార్తమ్మ. తిట్టుకునేవాళ్ళకి సరైన అడ్రసు ఉండాలి కదా.

బోర్డుల మనిషి

మా డైరెక్టరు ప్రకాశరావు గారు చెడ్డవారు కాదు. ముందే చెప్పేస్తున్నాను. ఆయనకి పిల్లలంటే ప్రాణం. బోర్డులంటే ఇంకొంచెం ఎక్కువ ప్రాణం. ఆయన గదిలో గోడకి మండలం మ్యాపు ఉండేది. పనిచేసే పిల్లలున్న ఊళ్ళకి ఎర్ర గుండుసూది, పిల్లలందరూ బడికెళ్ళే ఊళ్ళకి పచ్చ గుండుసూది. ఊరు పచ్చగా మారగానే ఊరి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ బోర్డు, "బాలకార్మిక రహిత గ్రామం" అని. ఒక ఏడాది పచ్చ సూదులు అయిపోతే, రాజమండ్రి నుంచి కొత్తవి వచ్చేదాకా నెల రోజులు ఏ ఊళ్ళోనూ బాలకార్మిక వ్యవస్థ నిర్మూలన కాలేదు. నేను ఎటకారానికి చెప్పట్లేదు, నిజంగానే ఆగిపోయింది.

ప్రతి ఊళ్ళోనూ మేం ఒక బాలల రక్షణ కమిటీ వెయ్యాలి. దానికి అధ్యక్షుడు కావాలి. మీటింగు పెట్టాలంటే చోటు కావాలి, కుర్చీలు కావాలి, మంచినీళ్ళు కావాలి. ఆ ఊళ్ళో నలభై ప్లాస్టిక్ కుర్చీలున్న మనిషి ఒక్కరే, బుల్లబ్బాయి గారు. రొయ్యల షెడ్డు ఆయనదే. దాంతో ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశాం. దొంగ చేతికి తాళాలిచ్చినట్టని మీరిప్పుడు నవ్వుతారు. ఆ రోజు మాత్రం కుర్చీలు దొరికినందుకు మేమంతా చప్పట్లు కొట్టాం.

బుల్లబ్బాయి గారు కూడా మంచి మనిషే. ఈ పనిలో అసలు చిక్కు అక్కడే ఉంది. మీకు దుర్మార్గులు దొరకరు. కాఫీ తాగితే గానీ కదలనివ్వరు, చేతిలో అరటిపళ్ళు పెట్టి పంపిస్తారు. నన్ను ఊరంతా టీచరనే పిలిచేది. "మా షెడ్డులో పిల్లలు పని చెయ్యట్లేదండీ టీచరు గారూ, తల్లులకి తోడొస్తారండి. వచ్చాక ఊరికే కూర్చోలేరు గదండీ, చేతులు ఆడిస్తారు" అనేవారు. ఆయన దాన్ని మనస్ఫూర్తిగా నమ్మారు. నేను నమ్మినట్టు నటించాను. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో మీరే తేల్చుకోండి.

ర్యాలీ

కొన్నేళ్ళ కిందటి మాట. జూన్ నెలలో బాలకార్మిక వ్యతిరేక దినం వచ్చింది. డైరెక్టరు గారికి ర్యాలీ కావాలి, ర్యాలీలో వంద మంది పిల్లలు కావాలి. బళ్ళు అప్పుడే తెరిచారు, ఎండకి పిల్లలు ఇంకా సరిగ్గా రావట్లేదు. నేను కమిటీ అధ్యక్షుల వారి దగ్గరికే పరిగెత్తాను.

"వంద మంది కావాలండీ బుల్లబ్బాయి గారూ" అన్నాను.

"వందంటే కష్టమండి. ఓ పాతిక ముప్పై మందిని నేను సర్దుతాను. మిగతావాళ్ళని బడి నుంచి పట్టుకోండి. ఎన్నింటికి వదిలేస్తారు?"

"పదకొండుకల్లా అయిపోతుందండి."

"ఆయ్, అయితే మధ్యాహ్నం రొయ్యల లోడుకి అందుకుంటారులెండి."

ఆ మాట నా చెవిన పడింది. బుర్రకి ఎక్కలేదని చాలాకాలం చెప్పుకున్నాను. ఎక్కనివ్వలేదు, అదీ నిజం. వంద మంది లెక్క తేలిందన్న సంబరంలో ఉన్నాను.

ర్యాలీ బ్రహ్మాండంగా జరిగింది. బుల్లబ్బాయి గారు పచ్చ జెండా ఊపారు, అందరికీ మజ్జిగ పోయించారు. బడి పిల్లలు సిగ్గుపడుతూ సణిగారు గానీ, షెడ్డు పిల్లలు మాత్రం నినాదాలతో ఊరు దద్దరిల్లిపోయేలా అరిచారు. ఐసు మిషను రొదలో ఒకరికొకరు వినబడాలంటే అలా అరవాలట, తర్వాత తెలిసింది. ముందు వరసలో ఒక పిల్ల. పన్నెండేళ్ళుంటాయి, పొడుగ్గా, సన్నగా ఉంది. "పలకా బలపం పట్టే చేతులతో పని చేయించరాదు" అని రాసి కర్రకి కట్టిన అట్ట పట్టుకుంది. ఆ అట్ట పట్టిన వేళ్ళు చూశాను. ఐసు నీళ్ళల్లో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. రొయ్య తల ముళ్ళు గుచ్చుకున్న చోటల్లా పసుపు రాసుకుంది. ఫోటోగ్రాఫరు కూడా చూశాడు. "అమ్మడూ, చేతులు కనపడకుండా అట్ట కొంచెం కిందకి దించు" అన్నాడు. ఆ పిల్ల దించి నవ్వింది. ఫోటో చక్కగా వచ్చింది.

పదకొండింటికి షెడ్డు వ్యాను హారను కొట్టింది. పిల్లలు అట్టలన్నీ గుట్టగా పడేసి వ్యాను ఎక్కేశారు. ఆ పొడుగు పిల్ల మాత్రం వెనక్కొచ్చి, "టీచరు గారండీ, ఈ కర్ర ఎవరికియ్యాలండీ?" అంది.

"నాకియ్యి. ఎక్కడికే, అందరూ అంత హడావిడిగా వెళ్తున్నారు?"

"షెడ్డుకండి. లోడొచ్చేసిందంటండి."

నేనేమన్నానో తెలుసా? "జాగ్రత్తగా వెళ్ళమ్మా" అన్నాను. కర్ర తీసుకుని పక్కన పెట్టాను. ఇన్నేళ్ళ సర్వీసులో నేను చేసిన తప్పులన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. నెల తిరక్కుండా ఆ ఊరు బాలకార్మిక రహిత గ్రామమని కాగితం తయారైంది. ధ్రువీకరించినవారు అన్న చోట సంతకం నాదే.

తప్పు రాశారండి

బోర్డు పెట్టారు. బస్సుస్టాపు పక్కనే, రెండు మంచాలంత ఉంటుంది. దాని మీద ఎవరి ఫోటో అనుకున్నారు? ఆ పొడుగు పిల్లదే, అట్ట పట్టుకుని నవ్వుతూ. రోజూ తెల్లారగట్ల షెడ్డు వ్యాను ఆ బోర్డు ముందు నుంచే వెళ్ళేది, ఆ పిల్లని ఎక్కించుకుని.

నేను ఆ దారిన వెళ్ళినప్పుడల్లా బస్సులో తల అటు తిప్పుకుని కూర్చునేదాన్ని. మూడోసారికి మెడ నొప్పెట్టి, దిగిపోయి, వాళ్ళిల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆదివారం కాబట్టి తల్లీ కూతురూ ఇంట్లోనే ఉన్నారు. తల్లి పేరు వీరవేణి, పిల్ల నూకరత్నం. నన్ను చూడగానే వీరవేణి పీట వేసి కూర్చోబెట్టింది.

"మా పిల్ల ఫోటో అంత పెద్దది ఏయించారు అమ్మగారండీ, మీ మేలు మర్చిపోనండి. పాలకొల్లు నుంచి మా ఆడపడుచు చూడ్డానికొచ్చిందండి" అంది.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చల్లగా అసలు సంగతి ఎత్తాను. పిల్ల ఐదో తరగతితో ఆపేసిందట. ఎందుకాపావంటే వీరవేణి నా మీద విరుచుకుపడింది.

"అయిదింటికి వ్యానెక్కితే సాయంత్రం ఏడింటికి దిగుతానండి. బడి నాలుగింటికి వదిలేస్తే ఎదిగే పిల్లని ఒక్కత్తినే ఈ గట్టు మీద ఉంచమంటారా? మీరొచ్చి కూర్చుంటారా కాపలా?"

మా ట్రైనింగుల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. సమాధానం లేనప్పుడు మేం ఫారం తీస్తాం. తీశాను. అందులో "చిన్నారి కల" అని ఒక గడి ఉండేది. గడి చిన్నది కాబట్టి అందరికీ డాక్టరు అని రాసేవాళ్ళం, కలెక్టరు అంటే పట్టేది కాదు. "పెద్దయ్యాక ఏమవుతావే?" అని అడిగాను.

"సూపర్‌వైజరండి."

"ఏం, అదే ఎందుకు?"

"ఆయన ఐసులో చెయ్యి పెట్టక్కర్లేదండి. ఫ్యాను కూడా ఉంటుందండి."

తర్వాత ఆ పిల్లే నన్ను అడిగింది, "టీచరు గారండీ, బోర్డు మీద నా పక్కన ఏం రాశారండీ?" అని. చదవలేదు! ఐదేళ్ళు బడికెళ్ళి, తన ఫోటో పక్కన అక్షరాలు తను చదవలేదు. ర్యాలీలో పట్టుకున్న అట్ట మీద ఏముందో కూడా తెలియదన్నమాట. "మీ ఊళ్ళో పనిచేసే పిల్లలు లేరని రాశారమ్మా" అన్నాను.

నూకరత్నం కాసేపు ఆలోచించి, పెద్దదానిలా నన్ను ఓదార్చింది. "ఎవరో తప్పు రాసేశారండి. దిద్దించండి."

కళ్ళు తుడుచుకుంటూ బయటపడ్డాను. ఈ ఏడాది కూర్చోబెట్టకపోతే ఆ పిల్ల ఇక బడిలో కూర్చోదు. వచ్చే ఏడాదికి పెద్దవాళ్ళ బల్ల దగ్గర నిలబెడతారు, ఆ పై ఏడాది సంబంధాలు చూస్తారు. ఇలాంటివి చాలా చూశాను. ఈ పిల్ల చేతిలోంచి కర్ర తీసుకుని వ్యానెక్కించింది మాత్రం నేనే.

క్లాసులో రెండోది

బడి మానేసిన ఆడపిల్లలకి ప్రభుత్వ హాస్టలు బడి ఉంది. కాపలా గొడవ కూడా తీరిపోతుంది. బడి మానేసినట్టు హైస్కూలు హెడ్‌మాస్టరు ఒక కాగితమిస్తే చాలు. సుబ్బారాయుడు గారి దగ్గరికి వెళ్ళాను. భయస్తుడు, పాపం. పై ఆఫీసు నుంచి మెమో వస్తే చదవకముందే చెమటలు పట్టేసేవి. పిల్ల మానేసిందని రాస్తే ఎందుకు మానేసిందని మెమో వస్తుంది కాబట్టి ఆయన బళ్ళో ఎవరూ మానేసేవారు కాదు.

రిజిస్టరు తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, "నూకరత్నమా? ఏడో తరగతండి. ఒక్క రోజు కూడా మానలేదే!" అన్నారు.

"మాస్టారూ, ఆ పిల్ల రోజూ షెడ్డుకి వెళ్తోందండి."

"అదేంటండీ అలాగంటారు? ఆరో తరగతి మార్కులు చూడండి. లెక్కలు డెబ్బై రెండు. సైన్సులో క్లాసుకి రెండోది. ఇంత బాగా చదువుకునే పిల్లని హాస్టల్లో పడెయ్యడం మీకు న్యాయమాండీ?"

బడి లెక్కలో ఆ పిల్ల చదువుతోంది. షెడ్డు లెక్కలో తల్లికి తోడొస్తోంది. మా లెక్కలో ఆ ఊళ్ళో పనిచేసే పిల్లలే లేరు, సంతకం నాది. మూడు కాగితాల ప్రకారం నూకరత్నానికి ఏ కష్టమూ లేదు.

కొత్తగా వచ్చిన పిల్లలూ, ఇక్కడ ఆగి ఒక మాట వినండి. మన పనిలో అబద్ధాలు ఎవరూ కావాలని మొదలుపెట్టరు. గడి నింపడానికి మొదలుపెడతారు. మూడు చోట్ల మూడు గడులు నిండాక, మధ్యలో ఉన్న పిల్ల మాయమైపోతుంది.

తనిఖీ

ఆఖరికి నా సంతకం మీద నేనే ఫిర్యాదు రాశాను. "ఫలానా ఊళ్ళో బాలకార్మికులు లేరని నేను ధ్రువీకరించినది తప్పు. ఉన్నారు. విచారించ ప్రార్థన." కార్మిక శాఖ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఒక కాపీ డైరెక్టరు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి చాలాసేపు మ్యాపు వంక చూశారు. "సువార్తమ్మ గారూ, మన బోర్డు మీద మనమే ఫిర్యాదు చేసుకోవడమేంటండీ? ఇప్పుడు ఆ సూది పీకమంటారా?" అన్నారు. నిజంగా బాధగానే అన్నారు.

కార్మిక శాఖ ఆఫీసరు గారు తనిఖీకి రావడానికి రోజు ఖాయమైంది. నాకు ఆశ పుట్టింది. కానీ రూలు ఒకటుంది, తనిఖీకి వెళ్ళేముందు గ్రామ కమిటీ అధ్యక్షుడికి తెలియజెయ్యాలి. తెలియజేశారు. బుల్లబ్బాయి గారికి ఆఫీసు వాళ్ళే ఫోను చేసి, ఫలానా రోజు పదింటికి వస్తున్నాం, తమరు దగ్గరుండి సహకరించాలి అని చెప్పారు.

సహకరించారు. మేం వెళ్ళేసరికి షెడ్డులో ఒక్క పిల్ల లేదు. సూపర్‌వైజరు కొత్త చొక్కా వేసుకుని నిలబడ్డాడు. తల్లులు మమ్మల్ని చూసి చీర కొంగుతో నోరు మూసుకుని నవ్వుతున్నారు. మరి ఈ ముప్పై మంది పిల్లల్ని ఎక్కడ దాచారు? చెరువు గట్ల మీద దాస్తే ఎండ, ఇళ్ళల్లో దాస్తే బయటికి తొంగిచూస్తారు. ఎవరికీ అనుమానం రాని చోటొకటి బుల్లబ్బాయి గారికి తట్టింది. వ్యాను పెట్టించి అందర్నీ బళ్ళో దింపించేశారు.

ఆఫీసరు గారితో బడికి వెళ్ళాం. అమ్మ బాబోయ్! ఏడో తరగతిలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఏళ్ళ తరబడి రిజిస్టరులో వంద శాతం హాజరున్న క్లాసు మొదటిసారి నిజంగా నిండింది. బెంచీలు చాలక పిల్లలు కిటికీ అంచుల మీద కూర్చున్నారు. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ, ఇన్నాళ్ళూ రాసిన లెక్కకి సరిపడా జనం వచ్చేసరికి, గిన్నె పట్టుకుని లబోదిబోమంటోంది. సుబ్బారాయుడు గారు చెమటలు కక్కుతూ బెంచీకీ బెంచీకీ వెళ్ళి, ఆఫీసరు గారికి వినబడకుండా అందరి పేర్లూ అడుగుతున్నారు.

"నువ్వెవరమ్మా?"

"నూకరత్నాన్నండి."

"ఓహో, నూకరత్నానివి నువ్వేనా! సైన్సులో క్లాసుకి రెండోదానివి కదే!" అని ఆయన నిజంగానే సంతోషించారు. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని నా వంక చూసింది.

ఆఫీసరు గారు రిపోర్టు రాసుకున్నారు. షెడ్డులో పిల్లలు లేరు, బడిలో హాజరు ప్రశంసనీయం, ఫిర్యాదు నిరాధారం. "మేడం, ఇంత మంచి ఊరి మీద ఫిర్యాదు ఎలా చెయ్యబుద్ధయిందండీ?" అని నన్నే అడిగారు. మా డైరెక్టరు గారికి అభినందన లేఖ వచ్చింది. నాకు సంజాయిషీ మెమో వచ్చింది. మర్నాడు తెల్లారగట్ల వ్యాను మామూలుగా కదిలింది.

నేను నేర్పకూడని పద్ధతి

వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను. తర్వాత ఇంట్లో చింతపండు పిసుకుతుంటే టక్కున వెలిగింది. ఇదిగో, సువార్తా, ఆ ఒక్క రోజు పిల్లలందరూ బళ్ళో ఉన్నారు కదే! తనిఖీ ఫెయిలయింది గానీ, పని జరిగింది. అయితే రోజూ తనిఖీ ఉంటే సరి.

ఫోను తీసి బుల్లబ్బాయి గారికే చేశాను. ఫిర్యాదు రాసింది నేనేనని ఆయనకి ఎవరూ చెప్పలేదు లెండి. "ఏవండీ, మంగళవారం ఎవరో రావచ్చని విన్నానండి. మీరు కమిటీ అధ్యక్షులు, చెప్పకపోతే బాగుండదని" అన్నాను.

"మీలాంటి వాళ్ళుండబట్టే ఊరు బాగుందండీ టీచరు గారూ" అన్నారాయన. మంగళవారం పిల్లలు బడికి వెళ్ళారు. గురువారం మళ్ళీ చేశాను. పై సోమవారం మళ్ళీ. ఆయన కృతజ్ఞతగా మా ఇంటికి రొయ్యల డబ్బా పంపారు. వండాను కూడా. నూకరత్నం ఒలిచిందేమోనని తట్టి ముద్ద దిగలేదు. మా ఆయన మాత్రం శుభ్రంగా తిన్నారు.

ఇది పద్ధతి కాదు. మీరు చెయ్యకండి. ఎవరైనా అడిగితే సువార్తమ్మ చెప్పిందని అసలే చెప్పకండి. నేను చూడని ఆఫీసర్లని వారానికి ముగ్గురిని పుట్టించాను. ఒక జీపు, ఒక తెల్ల కారు, ఒకసారి ఢిల్లీ నుంచి ఆడ ఆఫీసరు. అబద్ధాన్ని సరిదిద్దడానికి అంతకన్నా పెద్ద అబద్ధాలాడాను. అయినా ఒక్క నిజమైన పని కూడా చేశాను. వీరవేణి అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. మా పాస్టరు గారిని బతిమాలి చర్చి వరండా తీసుకుని, బడి వదిలిన దగ్గర్నుంచి వ్యాను తిరిగొచ్చేదాకా పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టుకున్నాను. మా సంస్థ ఆ ఊరికి చేసిన మేలేదైనా ఉంటే ఆ మూడు గంటలే. వాటికి బోర్డు లేదు.

నూకరత్నం మొదట్లో మూల కూర్చునేది. క్లాసులో పిల్లలు ముక్కు మూసుకుంటున్నారని నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని వచ్చేది. "షెడ్డే నయమండి, అక్కడ నేను పెద్దవాళ్ళకన్నా బేగి ఒలుస్తానండి. ఇక్కడ ఒకటో క్లాసు పుస్తకం ఇస్తున్నారండి" అని ఒకరోజు ఏడ్చింది. ఇక రానంది. "మరే, వచ్చిన పనైతే ఎవరైనా బేగి చేస్తారు, రాని పని చెయ్యి చూద్దాం" అని రెచ్చగొట్టాను. రోషం ఎక్కువ ఆ పిల్లకి. ముక్కు చీదుకుని పుస్తకం లాక్కుంది.

మూడు నెలలయ్యాక బుల్లబ్బాయి గారు ఫోను చేశారు. నా గుట్టు రట్టయిందనుకున్నాను. "టీచరు గారూ, ఈ దింపడాలూ ఎక్కించడాలూ మా వల్ల కావట్లేదండి. ఏ రోజు ఎవరుంటారో సూపర్‌వైజరుకి తెలియట్లేదు. పిల్లల గోల నాకొద్దండీ బాబూ, పెద్దవాళ్ళు మాత్రమే రమ్మని చెప్పేశాను" అన్నారు. చట్టానికి భయపడి మానలేదాయన. విసుగొచ్చి మానేశారు. నేను ఫోను పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని, నవ్వానో ఏడ్చానో నాకే గుర్తు లేదు.

పదకొండు

నూకరత్నం ఇప్పుడేం చేస్తోంది అని మీరు అడుగుతారు. చెప్పను. చెబితే సక్సెస్ స్టోరీ అయిపోతుంది. అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాక ఒక మధ్యాహ్నం జరిగింది చెప్పి ఆపేస్తాను.

సుబ్బారాయుడు గారు నన్ను బడికి పిలిపించారు. బల్ల నిండా ప్రోగ్రెస్ కార్డులు. మనిషి నీరుగారిపోయి ఉన్నారు.

"చూడండి సువార్తమ్మ గారూ. పోయినేడు వీళ్ళంతా ఎంత బాగా చదివారండీ! అందరూ పాసు. మీ ధర్మమా అని రోజూ బడికి రావడం మొదలెట్టారు, చదువు సర్వనాశనమైపోయింది. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందండి. పై ఆఫీసు నుంచి మెమో వస్తే నేనేం రాయను, పిల్లలు రావడం వల్ల మార్కులు తగ్గాయని రాయనా?"

ఈలోగా డైరెక్టరు గారి ఫోను. ఆయనకీ ఆ సంగతి చేరింది. "మన గ్రాఫు పడిపోతుందండీ. మాస్టారితో మాట్లాడి పాత మార్కులే వెయ్యమనండి. పిల్లలకి కూడా నామోషీ కదా" అన్నారు.

ఆ మాట ఫోనులోంచి వినబడి సుబ్బారాయుడు గారికి ప్రాణం లేచొచ్చింది. పైనున్న కార్డు తీశారు. అది నూకరత్నానిదే. ఆ పిల్లని క్లాసులోంచి పిలిపించారు.

"లెక్కల్లో నీకు వందకి పదకొండు వచ్చాయమ్మా. అలా వేస్తే బాగుండదు. పోయినేడు డెబ్బై రెండు కదా, ఈసారి ఓ డెబ్బై వేస్తున్నాను. ఏం?" అని పెన్ను మూత తీశారు.

నేను నోరు తెరవబోయాను. ఆ పిల్ల పదకొండుతో ఇంటికెళ్తే వీరవేణి ఏమంటుంది? ఈ చదువుకేనా నా తోడు మాన్పించారంటుంది. రేపట్నుంచి పక్కూరి షెడ్డులో పెడతానంటే నేనేం చెప్పను? డెబ్బై వెయ్యనిస్తే గొడవే లేదు. ఒట్టు, ఒక్క క్షణం వెయ్యనిద్దామనే అనుకున్నాను.

"డెబ్బై వద్దండి" అంది నూకరత్నం.

మాస్టారు తలెత్తారు. "ఎందుకే?"

"డెబ్బై రెండప్పుడు నేను రాలేదు కదండీ. ఈ పదకొండూ నేను రాసినవండి. కూడికలు నాలుగు, తీసివేతలు మూడు, ఎక్కం నాలుగు మార్కులండి. అవే వెయ్యండి."

సుబ్బారాయుడు గారు ఆ పిల్ల వంక చూశారు, నా వంక చూశారు, కార్డు దగ్గరికి లాక్కున్నారు. పదకొండు అని వేసి, పక్కన అక్షరాల్లో కూడా రాసి, పొట్టి సంతకం పెట్టారు.

నూకరత్నం కార్డు తీసుకుంది. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ప-ద-కొం-డు అని కూడబలుక్కుని చదువుకుంది. సిరా చెదిరిపోకుండా నోటితో ఊదుకుంటూ క్లాసుకి వెళ్ళిపోయింది.